సమ్మె నోటీసు నుంచి జీవో దాకా...

ప్రభుత్వోద్యోగులతో కూర్చుని జీతాల గురించి మాట్లాడి తీరాలని సర్కారును కట్టడి చేసే చట్టం ఏదీ లేదు. సమ్మె చేసే హక్కు వాళ్లకు లేదని సుప్రీంకోర్టే తేల్చేసింది. అయినా అయిదేళ్లకోసారి సంఘాలు నోటీసులిస్తాయి, మంత్రులు చర్చలకు పిలుస్తారు, తెల్లారేసరికి ఓ అంకె బయటికొస్తుంది. చట్టంలో లేని ఈ బేరం ఇన్నేళ్లుగా ఎలా సాగుతోంది?

'ఫిట్‌మెంట్ ఎంతట?'

వేతన సవరణ ఏడాది వచ్చిందంటే చాలు... తాలూకాఫీసు వరండాలో, బడి స్టాఫ్‌రూములో, ఆసుపత్రి క్యాంటీన్లో, ఎక్కడ చూసినా ఇదే ప్రశ్న. అటెండరు నుంచి సూపరింటెండెంటు వరకూ అందరి చెవులూ అటే. ఇంట్లో వాళ్లూ ఆ అంకె కోసమే చూస్తుంటారు. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు వాయిదా, అమ్మాయి పెళ్లి... అన్నీ దానితో ముడిపడ్డవే మరి.

చిత్రమేమిటంటే, ఆ అంకె తేల్చడానికి ప్రభుత్వమే ఓ కమిషన్ వేస్తుంది. విశ్రాంత ఐఏఎస్ అధికారి నెలల తరబడి లెక్కలు కట్టి నివేదిక ఇస్తారు. చివరికి అమలయ్యేది మాత్రం వేరే అంకె!

పదో పీఆర్సీ 29 శాతం ఫిట్‌మెంట్ చాలంది. 2015 ఫిబ్రవరిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ 43 శాతం ఇచ్చాయి. తెలంగాణ తొలి పీఆర్సీకి నేతృత్వం వహించిన సి.ఆర్.బిస్వాల్ కమిషన్ 7.5 శాతం సిఫార్సు చేసింది. 2021 మార్చిలో ముఖ్యమంత్రి కేసీఆర్ శాసనసభలో ప్రకటించింది 30 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అశుతోష్ మిశ్రా కమిషన్ 27 శాతం అంటే, 2022 జనవరిలో జగన్ ప్రభుత్వం ప్రకటించింది 23 శాతం. ఓసారి కమిషన్ మాట మీద పద్నాలుగు పెరిగింది. మరోసారి నాలుగింతలైంది. ఇంకోసారి నాలుగు తగ్గింది.

కమిషన్ నివేదికకూ జీవోకూ మధ్య ఏదో జరుగుతోందన్నమాట. ఆ జరిగేదే సమష్టి బేరం.

హక్కు లేని చోట...

సంఘం పెట్టుకునే హక్కు ఉద్యోగులకు ఉంది. రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చిందది. కానీ సంఘం ఉన్నంత మాత్రాన యాజమాన్యం బేరానికి రావాలనీ, రాకపోతే సమ్మె చేయొచ్చనీ ఆ అధికరణానికి అర్థం కాదని బ్యాంకు ఉద్యోగుల కేసులో 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారు ఉద్యోగి విషయంలో కథ మరింత బిగువు. అతని సర్వీసు షరతులు 309వ అధికరణం కింద ప్రభుత్వం చేసే నిబంధనలతో నడుస్తాయి. అంటే ప్రభుత్వం ఓ పక్క యజమాని, మరోపక్క నిబంధనలు రాసేదీ తనే!

1983లో ఈ సంగతి రాష్ట్రంలో అందరికీ తెలిసొచ్చింది. ఆ ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. వేల మంది నెల తిరక్కుండానే ఇంటిదారి పట్టారు. ఆ వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని 1985 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే ఆ తీర్పు వచ్చేనాటికే, 1984లో, వయసు మళ్లీ 58కి చేరింది. కోర్టులో దక్కనిది బయట రాజకీయం మారితే దక్కింది.

ఇక సమ్మె. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉద్యోగులు సమ్మెల్లో పాల్గొనకూడదంటుంది. అత్యవసర సేవల నిర్వహణ చట్టం... అదే, జనం నోట 'ఎస్మా'... 1971 నుంచీ రాష్ట్రంలో సిద్ధంగా ఉంది. దాని పదును ఎంతో చూపించింది పక్కనున్న తమిళనాడు. 2003 జులైలో అక్కడ ఉద్యోగులు, ఉపాధ్యాయులు సమ్మెకు దిగితే జయలలిత ప్రభుత్వం సుమారు 1.7 లక్షల మందిని ఒక్క వేటుతో తొలగించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చాలామందిని తిరిగి తీసుకునేలా చూస్తూనే, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు ప్రాథమికంగా గానీ, చట్టపరంగా గానీ, నైతికంగా గానీ లేదని ఆ ఆగస్టు 6న కోర్టు తీర్పిచ్చింది.

ఆ తీర్పు తర్వాత కూడా సమ్మె నోటీసులు ఆగలేదు. కాకపోతే వాటి తీరు మారింది. నోటీసిచ్చి, గడువు పెట్టి, ఆ గడువులోగా చర్చలకు పిలిచేలా చేసుకోవడమే ఇప్పుడు అసలు పని. సమ్మె మొదలైందంటే రెండు పక్షాలూ ఎక్కడో లెక్క తప్పాయనే అర్థం.

గుర్తింపు ఎవరిస్తారు?

బేరానికి కూర్చోవాలంటే ముందు ఎవరు కూర్చోవాలో తేలాలి. ఇక్కడే సింగరేణి కార్మికుడికీ, కలెక్టరేట్ గుమాస్తాకూ తేడా కనిపిస్తుంది.

సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘానికి రహస్య ఓటింగ్ జరుగుతోంది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. బొగ్గు గనుల జీతాల బేరమైతే దేశం మొత్తానికీ ఒకేచోట, జేబీసీసీఐ అనే ఉమ్మడి కమిటీలో జరుగుతుంది. 2023 మే 20న కుదిరిన పదకొండో వేతన ఒప్పందంలో కనీస పెరుగుదల 19 శాతం. దాని మీద యాజమాన్యాలూ సంతకం పెట్టాయి, కార్మిక సంఘాలూ సంతకం పెట్టాయి.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు అలాంటి ఓటింగ్ లేదు. సంఘానికి గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వమే. అందుకు 2001లో ప్రత్యేకంగా నిబంధనలు చేశారు. గుర్తింపు ఉంటే ప్రభుత్వానికి వినతులు ఇవ్వొచ్చు, సమావేశాలకు పిలుపొస్తుంది. ఇచ్చిన చెయ్యే వెనక్కి తీసుకోనూ గలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరిలో ఒకటో తేదీన జీతాలు రావడం లేదంటూ ఓ సంఘం నేరుగా గవర్నరును కలిసింది. గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమంటూ ఆ సంఘానికి ప్రభుత్వం నోటీసిచ్చింది. ఆ పోరు హైకోర్టు మెట్లెక్కింది.

మాట్లాడుకోవడానికి వేదిక లేకపోలేదు. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన సంయుక్త సిబ్బంది మండలి ఉంది. జిల్లాల్లో కలెక్టరు అధ్యక్షతన అలాంటిదే ఉంది. కేంద్రంలో అయితే దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1960 జులైలో కేంద్ర ఉద్యోగులు దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. ఆ అనుభవం తర్వాత, బ్రిటన్‌లోని విట్లీ కౌన్సిళ్ల తరహాలో 1966లో సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం ఏర్పడింది. జాతీయ స్థాయిలో ఒక మండలి, శాఖకో మండలి, కార్యాలయానికో మండలి. జీతభత్యాలు, పనిగంటలు, సెలవులు... ఈ మూడింటి మీద రాజీ కుదరకపోతే మధ్యవర్తిత్వానికి పంపాలన్న నియమం అందులో ఉంది. రాష్ట్రంలోని మండలికి అంత బలం లేదు. సమావేశాలే సరిగ్గా జరగడం లేదన్నది సంఘాల పాత ఫిర్యాదు. అందుకే పెద్ద బేరాలన్నీ మండలి దాటి, మంత్రుల కమిటీల దగ్గరికి వెళ్తుంటాయి.

ముందు ఇంట్లో బేరం

బయటికి కనిపించేది ప్రభుత్వంతో బేరం. అంతకన్నా ముందు, అంతకన్నా కష్టమైన బేరం సంఘాల మధ్యే జరుగుతుంది.

ఎన్జీవోల సంఘాన్నే తీసుకుంటే... కింద తాలూకా యూనిట్లు, పైన జిల్లా శాఖలు, ఆపైన రాష్ట్ర కార్యవర్గం. గెజిటెడ్ అధికారులకు వేరే సంఘాలు. సచివాలయం వాళ్లది వేరు. ఉపాధ్యాయుల్లోనే యూటీఎఫ్, ఏపీటీఎఫ్, ఎస్టీయూ, పీఆర్టీయూ... ఇలా ఎన్నో. నాలుగో తరగతి ఉద్యోగులు, డ్రైవర్లు, వైద్యసిబ్బంది, రెవెన్యూ, ట్రెజరీ... దేని సంఘం దానిదే. పింఛనుదారుల సంఘాలు సరేసరి.

పీఆర్సీ కమిషన్ పడగానే ఒక్కో క్యాడరు తన వినతిపత్రం పట్టుకుని వెళ్తుంది. 'మా పనికీ ఫలానా వాళ్ల పనికీ తేడా లేదు, మా స్కేలే తక్కువ' అన్నది అందరి మాటా. ఇక్కడ ఒకరికి మేలు జరిగితే పక్కవాళ్లకు గుర్రు. కనీస వేతనం బాగా పెరగాలని కింది ఉద్యోగి కోరతాడు. శాతం పెరిగితే పైవాళ్లకు లాభం. ఇంటద్దె భత్యం పట్నంలో ఉన్నవాళ్ల గోడు, పల్లెటూరి పంతులుకు అది రెండో సంగతి. పాత పింఛను 2004కు ముందు చేరినవాళ్లకు ఉంది, తర్వాత చేరినవాళ్లకు అదే మొదటి డిమాండు.

ఇన్ని గొంతుల్ని ఒక్క కాగితం మీదికి తేవాలి. దానికే జేఏసీ... ఐక్య కార్యాచరణ సమితి. ఏది ముందు, ఏది వెనక, ఏది దొరక్కపోతే లేచి వచ్చేయాలి, ఏది వదులుకోవచ్చు అన్నది అక్కడే తేలాలి. తేల్చకుండా వెళ్తే బల్ల అవతల కూర్చున్నవాళ్లు తేలుస్తారు!

నాలుగు శాతం అంటే ఎంత?

బేరమంతా ఓ చిన్న లెక్క చుట్టూ తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2015 స్కేళ్ల ప్రకారం కనీస మూలవేతనం రూ.13,000. 2018 జులై 1 నాటి కరవు భత్యం 30.392 శాతం కలిపితే రూ.3,951. దానికి 23 శాతం ఫిట్‌మెంట్ రూ.2,990. మొత్తం రూ.19,941. స్కేలులో దాని తర్వాతి మెట్టు రూ.20,000. పదకొండో పీఆర్సీలో కొత్త కనీస వేతనం అదే.

కమిషన్ చెప్పినట్టు 27 శాతం ఇచ్చి ఉంటే ఫిట్‌మెంట్ రూ.3,510 అయ్యేది. తేడా నెలకు రూ.520. పాత మూలవేతనం రూ.50,000 ఉన్న ఉద్యోగికైతే రూ.2,000. అక్కడితో అయిపోదు. ఆ తర్వాత వచ్చే ప్రతి కరవు భత్యం, ఇంటద్దె, ఇంక్రిమెంటు, చివరికి పింఛను... అన్నీ ఈ మూలవేతనం మీదే లెక్క. ఒక్క శాతం కోసం రాత్రి తెల్లవార్లూ కూర్చునేది అందుకే.

ప్రభుత్వం వైపు లెక్క కూడా ఇదే, కాకపోతే లక్షలతో గుణించాలి. ఉద్యోగి చేతిలో అయిదు వందలు సర్కారు ఖజానాలో వందల కోట్లవుతాయి. జీతాలు, పింఛన్లకే రాబడి పోతే రోడ్లకూ, పథకాలకూ ఎక్కడి నుంచి తేవాలన్నది ఆర్థికశాఖ ఎప్పుడూ వేసే ప్రశ్న. దాన్ని కొట్టిపారేయడం సంఘాలకు తేలిక కాదు. జనం ఎటువైపు మొగ్గుతారన్నది కూడా బేరంలో ఓ తూనికరాయే.

ముప్ఫై రోజుల పీఆర్సీ పోరు

ఈ అంశాలన్నీ ఒకేచోట చూడాలంటే 2022 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌ను చూడాలి.

జనవరి 7న ముఖ్యమంత్రి 23 శాతం ఫిట్‌మెంట్, పదవీ విరమణ వయసు 60 నుంచి 62కు పెంపు ప్రకటించారు. 2019 జులై నుంచి మధ్యంతర భృతి 27 శాతం అందుకుంటున్న ఉద్యోగులకు ఇది తగ్గుదలలా కనిపించింది. అయినా ఆరోజు నాయకులు పెద్దగా ఎదురుచెప్పలేదు. అసలు మంట జనవరి 17న జీవోలు వచ్చాక రాజుకుంది. ఇంటద్దె భత్యం పల్లెల్లో 12 శాతం నుంచి 8కి, విజయవాడ, విశాఖల్లో 20 నుంచి 16కు పడిపోయింది. నగర పరిహార భత్యం ఎత్తేశారు. డెబ్బై ఏళ్లు దాటిన పింఛనుదారుల అదనపు పింఛను పోయింది. ఇకమీదట అయిదేళ్లకోసారి రాష్ట్ర పీఆర్సీ ఉండదు, కేంద్రం బాటే అన్నారు. పెండింగు డీఏలు కలుపుతున్నాం కాబట్టి చేతికొచ్చే మొత్తం తగ్గదన్నది ప్రభుత్వ వాదన. కరోనాతో రాబడి పడిపోయిందన్నది మరో మాట.

అంతవరకూ ఎవరి దారి వారిదిగా ఉన్న నాలుగు ఐక్య వేదికలు రోజుల్లోనే ఒక్కటై 'పీఆర్సీ సాధన సమితి'గా ఏర్పడ్డాయి. జనవరి 24న సమ్మె నోటీసు ఇచ్చారు. ఫిబ్రవరి 6 అర్ధరాత్రి నుంచి సమ్మె. మంత్రుల కమిటీ చర్చలకు పిలిచింది. సమితి మూడు షరతులు పెట్టింది. జీవోలు రద్దు చేయాలి, జనవరి జీతం పాత స్కేలులోనే ఇవ్వాలి, అశుతోష్ మిశ్రా నివేదిక బయటపెట్టాలి.

మూడో షరతు చాలా కీలకం. తమ జీతాల గురించి కమిషన్ ఏం రాసిందో ఉద్యోగులకు చూపించకుండానే జీవోలొచ్చాయి మరి! ఎదుటివాడి చేతిలో కాగితం ఉండి, మన చేతిలో లేకపోతే అది బేరం ఎలా అవుతుంది?

ఈలోగా ట్రెజరీల్లో మరో పోరు నడిచింది. కొత్త స్కేళ్లతో జీతాల బిల్లులు చేయబోమని ఖజానా, పే అండ్ అకౌంట్స్ సిబ్బంది భీష్మించారు. చేయకపోతే క్రమశిక్షణ చర్యలంటూ ప్రభుత్వం మెమోలిచ్చింది. చివరికి కొత్త స్కేళ్ల జీతమే ఖాతాల్లో పడింది. ఆ మెట్టు మీద సర్కారుదే పైచేయి.

ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ'. అనుమతి లేదన్నారు. బస్సులు, రైళ్లలో పోలీసులు తనిఖీలు చేశారు. అయినా వేల మంది ఉద్యోగులు, ఉపాధ్యాయులు బీఆర్‌టీఎస్ రోడ్డును నింపేశారు. నాయకులు ఊహించినదానికన్నా కింది ఉద్యోగుల్లో వేడి ఎక్కువగా ఉందని ఆరోజు రెండు వైపులా అర్థమైంది. రెండు రోజులు తిరక్కుండానే మంత్రుల కమిటీతో సుదీర్ఘ చర్చలు... ఫిబ్రవరి 5 రాత్రి రాజీ కుదిరింది.

ఏం దక్కింది? పల్లెల్లో ఇంటద్దె 8 నుంచి 10 శాతానికి పెరిగింది. పట్టణాల్ని బట్టి 12, 16, సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలకు 24 శాతం. నగర పరిహార భత్యం తిరిగొచ్చింది. అదనపు పింఛను డెబ్బై ఏళ్లకు 7 శాతం, డెబ్బై అయిదుకు 12 శాతం. ఇచ్చిన మధ్యంతర భృతిని వెనక్కి రాబట్టరు. అయిదేళ్లకోసారి పీఆర్సీ ఉంటుంది. ఏం దక్కలేదు? ఫిట్‌మెంట్. అది 23 దగ్గరే నిలిచిపోయింది.

సమ్మె విరమణ ప్రకటన వచ్చీరాగానే ఉపాధ్యాయ సంఘాలు భగ్గుమన్నాయి. విజయవాడ రోడ్ల మీద ఎక్కువగా కనిపించింది తామేననీ, ఫిట్‌మెంట్ మీద గట్టిగా నిలబడకుండానే నాయకులు ఒప్పేసుకున్నారనీ వాళ్ల ఆవేదన. సమితి నుంచి బయటికొచ్చి విడిగా ఆందోళనలు మొదలెట్టారు. పోయినవాటిలో చాలావరకు సమ్మె లేకుండానే రాబట్టాం కదా అన్నది సంతకం చేసినవాళ్ల జవాబు. రెండింట్లోనూ నిజముంది. నోటీసిచ్చే ముందు 'ఎక్కడిదాకా' అన్నది అందరూ కూర్చుని తేల్చుకోకపోతే, బల్ల దగ్గర కుదిరిన రాజీ ఇంటికొచ్చేసరికి తగవవుతుంది.

బల్లే లేకపోతే?

చర్చలకు పిలవకపోతే ఏమవుతుందో 2019లో తెలంగాణ ఆర్టీసీ చూపించింది. సుమారు 48 వేల మంది కార్మికులు అక్టోబరు 5న సమ్మెకు దిగారు. ప్రభుత్వంలో విలీనం సహా 26 డిమాండ్లు. గడువులోగా రానివారు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ముఖ్యమంత్రి ప్రకటించారు. జీతాలు ఆగాయి. హైకోర్టు పలుమార్లు విచారించింది. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. నవంబరులో విలీనం డిమాండును జేఏసీ పక్కనపెట్టింది. నవంబరు 25న, 52వ రోజున, ఎలాంటి ఒప్పందమూ లేకుండానే సమ్మె ముగిసింది. తర్వాత ముఖ్యమంత్రి అందర్నీ విధుల్లోకి రమ్మన్నారు, వంద కోట్లు సాయం చేశారు. కానీ సంఘాలను పక్కనపెట్టి డిపోల్లో సంక్షేమ మండళ్లు పెట్టారు. అంటే కార్మికుడికి ఊరట దొరికింది, బేరమాడే వేదిక పోయింది. అదే డిమాండు పక్క రాష్ట్రంలో ఎన్నికల హామీగా మారి, 2020 జనవరి 1న ఏపీఎస్‌ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు.

అందుకే సంఘాల నాయకులు క్యాలెండరు చూడకుండా నోటీసివ్వరు. తెలంగాణలో 30 శాతం ప్రకటన వచ్చింది పట్టభద్రుల శాసనమండలి ఎన్నికలు ముగిసిన రోజుల్లో, నాగార్జునసాగర్ ఉప ఎన్నికకు ముందు. బడ్జెట్ సమావేశాలు, ఎన్నికల ప్రవర్తనా నియమావళి, పరీక్షల కాలం... అన్నీ లెక్కలోకి వస్తాయి.

బల్ల దగ్గర కుర్చీ లేనివాళ్లు

ఇంత బేరంలోనూ కొందరికి కుర్చీయే లేదు. అదే కార్యాలయంలో అదే పని చేసే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి ఫిట్‌మెంట్ వర్తిస్తుందా లేదా అన్నది ప్రభుత్వం దయ. 2021లో తెలంగాణ వాళ్లనూ కలిపి, పింఛనుదారులతో సహా 9 లక్షల మందికి పైగా పెంపు ప్రకటించింది. ప్రతిసారీ అలా జరుగుతుందన్న హామీ లేదు.

అంగన్‌వాడీలది మరీ విచిత్రం. వాళ్లు తీసుకునేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో కార్యకర్తకు నెలకు రూ.11,500. పెంచమంటూ ఆ డిసెంబరు 12న సమ్మె మొదలుపెట్టారు. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. జీతమడిగితే ఉద్యోగులు కారు... పని మానేస్తే మాత్రం అత్యవసర సేవ! 42 రోజులు నిలబడి, కొన్ని హామీలు రాబట్టుకుని విధుల్లోకి వెళ్లారు. జేఏసీల పెద్ద గొడుగు కింద వాళ్లకూ చోటిస్తే ఆ గొడుగుకే బలమన్న మాట సంఘాల్లో గట్టిగా వినిపిస్తోంది.

రాజీ కుదిరిన రాత్రి టీవీల ముందు చేతులు కలపడంతో పని పూర్తవదు. మినిట్స్ రాయించాలి. ఒక్కో అంశానికీ జీవో రావాలి. ఆ జీవోలో 'నోషనల్‌గా ఎప్పటి నుంచి, నగదు ఎప్పటి నుంచి' అన్న తేదీలు చూడాలి. అనామలీలుంటే మళ్లీ కమిటీ. బకాయిలు వాయిదాల్లోనా, రిటైరయ్యాకనా? చట్టం అండ లేని బేరంలో మాటకు పూచీ ఆ కాగితమే. అందుకే నాలుగు పీఆర్సీలు చూసిన పాతకాపులు 'హామీ ఇచ్చారు' అంటే చప్పట్లు కొట్టరు. జీవో నంబరెంత అని అడుగుతారు.